మీట నొక్కితే చాలదు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మర పడవల వేట నిషిద్ధం. మైపాడు, కోడూరు, ఇసకపల్లి, జువ్వలదిన్నె తీరంలోని పట్టపుపాళేల్లో పడవలు ఒడ్డెక్కుతాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని మత్స్యకారులూ ఒప్పుకుంటారు. ఆ రోజులకు ప్రభుత్వమిచ్చే భృతి 2025లో రూ. 10,000 నుంచి రూ. 20,000కు పెరగడం హర్షణీయం. అయితే ఆ సొమ్ము చేతికందడం కంప్యూటరు దయ మీద ఆధారపడి ఉంది.

పడవ రిజిస్ట్రేషను, ఆధార్, బ్యాంకు ఖాతా అన్నీ సరిపోవాలి. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, మరొకచోట పొడి అక్షరంగా ఉంటే చిక్కే. వలతాళ్ళు లాగి, ఉప్పునీటిలో నాని గీతలరిగిన వేళ్ళను యంత్రం గుర్తించదు. ఓటీపీ అంటారా, ఆధార్‌లో రాయించిన నంబరు గల ఫోను ఏనాడో సముద్రం పాలై ఉంటుంది! భృతి తప్పిపోయినవాడు వ్యాపారి దగ్గర అప్పు చేస్తాడు. ఆపైన పట్టిన చేపంతా ఆ వ్యాపారికే, అతడు చెప్పిన ధరకే.

2011 నవంబరులో మీసేవ, 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు, 2025 జనవరి 30న 161 సేవలతో వాట్సాప్‌లో 'మన మిత్ర' వచ్చాయి. తాలూకా కచేరీల చుట్టూ తిరిగిన తరానికి వీటివల్ల మేలు జరగలేదనడం అన్యాయం. కానీ సేవలెన్ని పెట్టారని కాదు, ఒక్క పనికి మనిషి ఎన్నిసార్లు తిరిగాడో లెక్క తీయాలి. తిరస్కరించిన అర్జీని కూడా పరిష్కారం కింద చూపితే ఆ నివేదిక ఎవరికి ఉపయోగం?

పేర్ల తేడాలు ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే సరిచేయాలి. తెల్లవారక ముందే పడవెక్కేవారికి కచేరీ వేళలు కుదరవు గనుక, మత్స్య సహాయకులు సాయంత్రాలు రేవుకే వచ్చి జాబితా చదివి వినిపించాలి. వేలిముద్ర పడనివారిని కనుపాప, ముఖం చూసి గుర్తించే వీలు ఆధార్‌లోనే ఉంది. ఆ ఏర్పాటు ప్రతి పాళెంలోనూ జరగాలి. పేరు తొలగిస్తే కారణమేమిటో, ఎవరికి అప్పీలు చేసుకోవాలో తెలుగులో కాగితం మీద రాసివ్వాలి. వేట నిషేధం మొదలయ్యేలోగా జిల్లా కలెక్టరు, మత్స్యశాఖాధికారులు ఈ మేరకు ఆదేశాలివ్వవలసి ఉంది.