పొడిలో దోషమా? పెట్టుటలో దోషమా?

సంఘమునుండి లవణమిశ్రమపు సంచిని కొనిపోయిన సభ్యులలో కొందరు నెల తిరుగకమునుపే “మా గేదె దీనిని ముట్టదు, మా ఎద్దు గాడినే వదలి తొలగిపోవుచున్నది” అని చెప్పుచున్నారు. విప్పిన సంచి అటక చేరి, చెమ్మ పట్టి, గడ్డకట్టి, తుదకు పెంటకుప్ప పాలగుచున్నది. పొడియే పనికిమాలినదని ఊరు తీర్పు చెప్పుచున్నది. ఈ తీర్పు న్యాయమైనది కాదని నా అభిప్రాయము. పశువు పొడిని కాదనుటలేదు. మనము దానిని పెట్టు తీరును కాదనుచున్నది.

ఈ పొడి యెందులకో మొదట తెలిసికొందము. మన పశువులకు వరిగడ్డియే ముఖ్యమైన మేత. అందు భాస్వరము స్వల్పము; ఉన్న సున్నమును గడ్డిలోని ఆక్సాలిక్ ఆమ్లము కట్టివేయుటచే అది సరిగా ఒంట పట్టదు. వేసవిలో అడవి మేతయు ఎండి నారయగును. 1986లోను, 2022లోను వలె భద్రాచలమువద్ద గోదావరి పొంగి వాములు తడిసిన ఏట ఈ కొఱత మఱింత హెచ్చును. అట్టి కొఱత గల పశువు గోడలు నాకును, గుడ్డలు నమలును, అడవిలో ఎండిన ఎముకలను కొఱుకును. సకాలమున ఎదకు రాదు.

ఎముకలు నమలుట వట్టి చెడు అలవాటని తలపరాదు. దక్షిణాఫ్రికాలో పశువులను గుంపులుగా చంపుచుండిన ఒక పక్షవాతపు రోగమును 1920 ప్రాంతమున ఆర్నాల్డ్ థైలర్ అను పశువైద్య శాస్త్రజ్ఞుడు పరిశోధించెను. భాస్వరము చాలక పశువులు చచ్చిన జంతువుల ఎముకలను నమలుచున్నవనియు, వానిలో పుట్టిన విషమే ప్రాణము తీయుచున్నదనియు తేలెను. శుభ్రమైన ఎముకల పొడిని మేతతో పెట్టగా పశువులు ఆ చెడు ఎముకల జోలికి పోవుట మానెను. నేటి లవణమిశ్రమములందు ఆ భాస్వరమును సాధారణముగా డైకాల్షియం ఫాస్ఫేటు రూపమున కలుపుచున్నారు.

ఇంత మేలైనదానిని పశువేల తినదు? పశువునకు వాసనయే ప్రమాణము. క్రొత్త వాసనను అది శంకించును. మనమో, మొదటి దినముననే పూర్తి మోతాదును ఎండుగడ్డిపై చల్లుదుము. పశువు ఊపిరి విడుచుటతోడనే పొడి లేచి ముక్కున చేరును; మిగిలినది గడ్డిసందులనుండి గాడి అడుగునకు జారును. కొందరు త్రాగునీట కలుపుదురు. ఈ పొడిలో ఎక్కువ భాగము నీట కరగదు. తొట్టి అడుగున బురదవలె నిలుచును. నీటి రుచి మారుటచే పశువు నీళ్లు త్రాగుటయే తగ్గించును. మఱికొందరు వెదురుగొట్టముతో గొంతులో పోయుదురు. అది ఊపిరితిత్తులలోనికి పోయినచో ప్రాణమునకే ముప్పు. బ్రతికినను, పిదప ఆ వాసన తగిలినంతనే పశువు బెదరును.

సరియైన మార్గము సులభము. పశువునకు అలవాటైన తవుడునుగాని, చిట్టునుగాని గంజితో తడిపి ముద్దచేసి, అందు చిటికెడు పొడి మాత్రమే కలుపవలెను. మేతనుండి ఆకలితో వచ్చిన వేళ, గడ్డి వేయకమునుపు, ఏ పశువునకు దాని గంపలోనే పెట్టవలెను. మూడు దినములు చిటికెడే. పిదప కొద్దికొద్దిగా పెంచి, పది పదునైదు దినములకు పూర్తి కొలతకు రావలెను. నడుమ ముఖము త్రిప్పినచో వెనుకటి కొలతకు దిగి రెండు దినములు ఆగవలెను. ఆ పక్షములో దాణాను మార్చరాదు. ఒకేసారి రెండు క్రొత్తలను పశువు సహింపదు.

అప్పటికిని ఒప్పుకొనని పశువునకు కొంచెము బెల్లపు నీరు చల్లవచ్చును. మన ప్రాంతమున అంతకంటె చేరువైనది ఇప్పపూవు. ఫాల్గుణ చైత్రములందు రాలిన పూవును కోయపల్లెలవారు ఏరి ఎండబెట్టి దాచుదురు. గుప్పెడు ఎండుపూవును కొంతసేపు నానబెట్టి, పిసికి, దాణాలో కలిపినచో ఆ తీపికి పొడి వాసన అణగును. రాత్రంతయు నాననిచ్చినచో పులిసిపోవును, జాగ్రత్త. ఇప్పగింజల చెక్క మాత్రము చేదైనది, హానికరమైనది, దానిని పెట్టరాదు.

పెరిగిన పశువునకు దినమునకు సుమారు 50 గ్రాములు, దూడకు 20 గ్రాములు సామాన్యపు కొలత. పాలు ఎక్కువగా ఇచ్చునదానికి ఇంకను కావలసియుండును. సంచిపై వ్రాసినదానిని చూచుకొనుడు. ఉప్పు కలియని రకమైనచో కొంచెము ఉప్పు వేయుట రుచికిని మేలే. పశువుల పొడిలోని రాగి గొఱ్ఱెలకు విషమగును. గుఱ్ఱమున్నవారు ఈ పద్ధతిని గైకొనవచ్చును గాని దానికి పశువుల దాణాను పెట్టరాదు. కొన్ని పశుదాణాలలో కలుపు మోనెన్సిన్ అను మందు గుఱ్ఱమును చంపును. యూరియా సంచి ప్రక్కన ఈ సంచిని ఎన్నడును ఉంచకుడు. రెండును తెల్లనివే, పొరపాటు పడినచో పశువు దక్కదు.

“మా తాతలు ఈ పొడి నెఱుగుదురా?” అని అడుగువారు కలరు. ప్రశ్న సమంజసమే. నాడు పశువు విస్తారమైన అడవిలో పలువిధముల ఆకులను, గడ్డిని తానే ఏరుకొని తినెడిది. నేడు కట్టుకొయ్యవద్ద మనము వేసినదే తినుచున్నది. జనుము, పిల్లిపెసర వంటి పచ్చిమేత సమృద్ధిగా పెట్టువారికి పొడి అవసరము కొంత తగ్గును. పొడి పచ్చిమేతకు బదులు కాదు. దాని లోటును కొంత తీర్చునది మాత్రమే.

ఇక సంఘము మాట. సంచిని అమ్మి రసీదు ఇచ్చుటతో మన బాధ్యత తీరదు. పెద్ద సంచులకు మాఱుగా కిలో పొట్లములను తెప్పించుడు. ఒక పశువునకు కిలో ఇరువది దినములు వచ్చును, చెమ్మ పట్టకమునుపే చెల్లిపోవును. కొన్న ప్రతి సభ్యుని చేత సంఘపు త్రాసులో ఒకమాఱు తూయించి, ఆ కొలతకు చాలిన కొబ్బరిచిప్పకు గీత గీయించుడు. ఊరికొక సభ్యుని కొట్టములో పదునైదు దినములు అందరి యెదుట పెట్టి చూపుడు. ఎదకు వచ్చుట మొదలగు ఫలములు వారములో కానరావు. రెండు మూడు నెలలైన ఓపిక పట్టవలెను.

కూలివానికి క్రొత్త పని నేర్పుటకు పది దినములు ఓర్చుకొను మనము, నోరులేని పశువునకు ఆ గడువైన ఈయకుండుట తగదు. అటకనున్న సంచిని దింపి చూడుడు. గడ్డకట్టి ముక్కవాసన వేయనిదైనచో, రేపటి సాయంత్రమే చిటికెడుతో మొదలిడుడు.

— ఒక సభ్యుడు