కుటుంబ సేద్యంలో ప్రమాదం: జరిమానా ఎవరిపై?

వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి-2020 గత 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. యజమాని విధులను ఉల్లంఘించినందువల్ల కార్మికుడు మరణిస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అందులో కనీసం సగం మృతుని వారసులకు ఇప్పించే అధికారం న్యాయస్థానానికి ఉంది. అయితే సాధారణంగా పదిమంది, అంతకుమించి కార్మికులున్న సంస్థలకే ఈ స్మృతి వర్తిస్తుంది.

విజయవాడ బెంజ్ సర్కిల్ సమీపంలోని ఆటోనగర్‌లో అంతటి వర్క్‌షాపు ఉంటే, అక్కడ తిరిగే షాఫ్టుకు రక్షణ కవచం లేకపోవడం నేరం. బందరు రోడ్డు వెంట కంకిపాడు, ఉయ్యూరు దాటితే, మినుము నూర్చే కళ్ళంలో ట్రాక్టరు పి.టి.ఓ. షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. పంచె అంచు, చీర కొంగు దానికి చుట్టుకోవడానికి క్షణం చాలు. అక్కడ పనిచేసేది తండ్రి, కొడుకు, కోడలు. అది స్మృతి పరిధిలోకి రాదు.

పదిమంది పరిమితిని ఎత్తివేస్తే సరిపోతుందనడం తొందరపాటు. కుటుంబ సేద్యంలో రైతే యజమాని, రైతే కార్మికుడు. కొడుకు మరణిస్తే తండ్రి జరిమానా చెల్లించాలి. అందులో సగం పరిహారంగా ఆ ఇంటికే తిరిగి రావాలి. దుఃఖంలో ఉన్న ఇంటికి అప్పు మిగలడం తప్ప దీనివల్ల ఒక్క కవచమూ అమరదు. అలాగని కూలీలను పెట్టుకున్న రైతుకు కుటుంబ సేద్యమన్న పేరు రక్షణ కారాదు. కూలి ఇచ్చి పిలిచిన మనిషి ఒక్కరైనా, వారి భద్రత పిలిచినవారి బాధ్యతే.

మార్గం కొత్తది కాదు. ప్రమాదకర యంత్రాల (నియంత్రణ) చట్టం-1983 నూర్పిడి యంత్రాలను పేర్కొని, తయారీదారుపైన, విక్రేతపైన కూడా బాధ్యత ఉంచింది. ఇతర వ్యవసాయ యంత్రాలను నోటిఫికేషన్ ద్వారా చేర్చే వీలు కేంద్రానికి ఇచ్చింది. దానిని గట్టిగా అమలు చేయాలి. కవచం లేని యంత్రానికి రాయితీ నిలిపివేయాలి. అద్దెకిచ్చిన యంత్రంలో కవచం లేకపోతే జరిమానా యంత్ర యజమానిపై పడాలి తప్ప, అద్దెకు తెచ్చుకున్న కౌలు రైతుపై కాదు.

జరిమానా ప్రమాదం జరిగిన ఇంటిని వెతుక్కుంటూ రాకూడదు. కవచం లేని యంత్రం పొలానికి చేరకముందే దానిని ఆపగలగాలి.