వీల్‌చైర్ ఇచ్చారు సరే, దారేది?

మన ఏజెన్సీలో డోలీ మోత గురించి అందరూ మాట్లాడతారు. నిండు గర్భిణిని కర్రకు దుప్పటి కట్టి మోసుకొస్తే ఫొటో వస్తుంది, రెండు రోజులు చర్చ నడుస్తుంది. కానీ పుట్టుకతోనో, పోలియోతోనో, చెట్టు మీంచి పడో కాళ్లు పోయినవాళ్ల సంగతి? వాళ్లకు డోలీ ఒక్కరోజు కష్టం కాదు. సంతకైనా, ఓటుకైనా, చుట్టాల పెళ్లికైనా మోసేవాళ్లు దొరికితేనే ప్రయాణం. దొరక్కపోతే ఇంటి అరుగే లోకం.

'వీల్‌చైర్ ఇచ్చాం కదా' అంటారు. ఇచ్చేది ఎక్కువగా ఆసుపత్రి వరండాలో తిరిగే రకం. ముందు చక్రాలు చిన్నవి. మన దారిలో రాయి తగిలితే ఆగిపోతాయి, వాన పడితే బురదలో దిగబడతాయి. చేత్తో తిప్పే మూడు చక్రాల బండి అయితే కొండ ఎత్తు ఎక్కదు. పంక్చర్ పడితే గూడెంలో వేసేవాళ్లుండరు.

ఎలాగో రోడ్డు దాకా వచ్చారనుకుందాం. పల్లెవెలుగు బస్సు మెట్లు ఎత్తు, తలుపు ఇరుకు. ఒకరు మనిషిని ఎత్తుకోవాలి, ఇంకొకరు కుర్చీ మడిచి ఎక్కించాలి. షేర్ ఆటోలో కుర్చీకి చోటు లేదంటారు, ఉంటే ఇంకో మనిషి చార్జీ అడుగుతారు. దిగాక ఆఫీసు ముందు మెట్లు. ర్యాంపు ఉన్నా నిటారుగా ఉంటుంది. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలన్నది లెక్క, ఎంతమంది పాటిస్తున్నారు? మరుగుదొడ్డి తలుపులో కుర్చీ పట్టదు. అందుకే బయల్దేరే రోజు పొద్దున్నుంచి నీళ్లు తాగని ఆడవాళ్లున్నారు.

సదరం సర్టిఫికెట్ కావాలన్నా ఆసుపత్రిలో జరిగే శిబిరానికి పోవాలి. అంటే నడవలేనని నిరూపించుకోడానికి కొండ దిగాలి!

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగుల పింఛను 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైతే 15,000. ఆ డబ్బు అవసరమే. కానీ పింఛను గడప దాకా వస్తోంది, మనిషి మాత్రం గడప దాటలేకపోతున్నాడు.

ఇది జాలి చూపించే విషయం కాదు, హక్కు. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 41 బస్టాండ్ల గురించే కాదు, వాళ్లు తిరగగలిగే రోడ్ల గురించి కూడా చెబుతోంది. అందుబాటు ప్రమాణాలు ఉత్త సలహాలుగా మిగలకూడదు, కచ్చితంగా అమలు చేయాల్సిన నిబంధనలు ఉండాలని 2024 నవంబర్ 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మన చేతిలో ఉన్నది పెసా. 1996 నాటి ఆ చట్టం ప్రకారం పంచాయతీ అభివృద్ధి పనుల ప్రణాళికను గ్రామసభ ఆమోదించాలి. రోడ్డు అడిగేటప్పుడు 'అంబులెన్స్ రావాలి' అంటున్నాం. ఇకమీదట 'వీల్‌చైర్ వెళ్లాలి' అని కూడా రాయించండి. ఊరి మొదట్లో ఆగిపోయే సీసీ రోడ్డు ఆ ఇంటి గుమ్మం దాకా రావాలి. కాలువ మీద పలక పడాలి. బడికి, అంగన్‌వాడీకి సరైన ర్యాంపు ఉండాలి. సదరం శిబిరం మండలంలోనే పెట్టాలి. వీల్‌చైర్ వెళ్లే దారిలో ముసలమ్మ వెళ్తుంది, నీళ్ల బిందె మోసే చెల్లి కూడా వెళ్తుంది.

రోడ్డు వచ్చేదాకా మనం చేయగలిగినవీ ఉన్నాయి. సాయం చేసే ముందు ఆ మనిషిని అడగండి, ఎలా ఎత్తాలో వాళ్లకే బాగా తెలుసు. ఎత్తేటప్పుడు చేతులు ఆనించే పట్టీలు పట్టుకోవద్దు, ఊడొస్తాయి. ఇనుప ఫ్రేమే పట్టుకోండి. దిగుడులో కుర్చీని వెనక్కి తిప్పి మెల్లగా దించండి.

ఇంకో మాట. గ్రామసభ అయినా, సంఘం మీటింగ్ అయినా, నడవలేని మనిషి రాగలిగిన చోటే పెట్టండి. వాళ్ల దారి గురించి వాళ్లే మాట్లాడాలి. వాళ్లు లేకుండా చేసిన తీర్మానం ఊరందరి తీర్మానం ఎలా అవుతుంది?