ప్రోటీన్ పొట్లాల గిరాకీ: బెల్లం వర్తకులు వేసుకోవలసిన లెక్క

ఏటికొప్పాక: వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరికి రెండు సరుకుల వల్ల పేరు వచ్చింది. ఒకటి లక్క బొమ్మ, రెండోది తీపి. 1933లో ఇక్కడ వెలసిన సహకార సంఘం దేశంలోని తొలి సహకార చక్కెర కర్మాగారాలలో ఒకటి. కర్మాగారానికి పోగా మిగిలిన చెరకు బెల్లం పెనాలకెక్కి, దిమ్మలుగా అనకాపల్లి మార్కెట్టుకు చేరడం ఈ ప్రాంతపు పాత రివాజు. ఇప్పుడు కిరాణా కొట్లలో వేరుశనగ పట్టీల సీసా పక్కనే కొత్త సరుకు వేలాడుతున్నది. బార్లు, చిప్సు, లడ్డూలు ఏవైనా సరే, అన్నింటి మీదా పెద్ద అక్షరాలతో ఉండేది ‘హై ప్రోటీన్’ అన్న మాటే.

వర్తక వర్గాలలో దీనిపై రెండు అభిప్రాయాలు వినవస్తున్నాయి. ఇది పట్నవాసపు మోజు, నాలుగు రోజుల్లో చల్లారుతుందని కొందరు అంటున్నారు. ఆ మాటేదో మన పట్టీ మీదే అచ్చు వేస్తే బెల్లానికీ పల్లీకీ ధర రాదా అని మరికొందరి ఆలోచన. మొదటివారు గిరాకీని తక్కువగా అంచనా వేస్తున్నారు. రెండోవారు తొందరపడుతున్నారు. పొట్లంలో ఉన్న సరుకు ఏమిటో ముందు చూడాలి.

ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018 నిబంధనల ప్రకారం, 100 గ్రాముల ఘన పదార్థంలో రోజువారీ అవసరంలో 20 శాతం మాంసకృత్తులు ఉంటే ‘అధికం’ అని చెప్పుకోవచ్చు. 2020లో సవరించిన లెక్కలో 65 కిలోల పురుషునికి రోజుకు 54 గ్రాములు చాలు. అందులో 20 శాతమంటే 11 గ్రాములకు లోపే. ఇక హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టిక ప్రకారం 100 గ్రాముల వేరుశనగ పప్పులో 25.3 గ్రాముల మాంసకృత్తులు, పుట్నాల పప్పులో 22.5 గ్రాములు ఉన్నాయి. సగం పల్లీ, సగం బెల్లం కలిపిన మామూలు పట్టీలో దగ్గర దగ్గర 13 గ్రాములు తేలుతాయి. అంటే సంతలో అమ్మే పట్టీ కూడా కాగితం మీద ‘హై ప్రోటీన్’ సరుకే! ఆ మాట ఎంత చవకైనదో ఇందువల్ల తెలుస్తుంది.

ధర సంగతి చూద్దాం. 20 గ్రాముల మాంసకృత్తులున్న బారు వంద రూపాయలనుకుంటే గ్రాము 5 రూపాయలు పడింది. పల్లీ కిలో 150 రూపాయలనుకున్నా గ్రాము 60 పైసలకు మించదు. ఇంతవరకు లెక్క మన సరుకు పక్షమే. అయితే తక్కెడ రెండో సిబ్బి కూడా చూడాలి. ఆ 20 గ్రాములు పట్టీ ద్వారా రావాలంటే 150 గ్రాములకు పైగా తినాలి. దానితో 700 కేలరీలు దాటిపోతాయి. బారులో అది సాధారణంగా 200, 250 కేలరీలతో సరిపోతుంది. బరువు తగ్గదలచిన కొనుగోలుదారు బారు వైపు మొగ్గితే అతన్ని తప్పుపట్టడానికి లేదు. ఉత్త పుట్నాలు తిన్నా 90 గ్రాములతో, 330 కేలరీలలోపే ఆ పని జరుగుతుందని అతనికి ఎవరూ చెప్పడం లేదు, అంతే.

అంకె ఒకటే అయినా రకం ఒకటి కాదు. వేరుశనగ మాంసకృత్తులలో లైసిన్ కొరవ. నాణ్యత కొలతలో పాల మాంసకృత్తులకు నూరు మార్కులు వేస్తే వేరుశనగకు సగానికి కాస్త అటూ ఇటూ వస్తాయి. శనగపప్పులో లైసిన్ దండిగా ఉంది కనుక రెండూ కలిస్తే ఆ లోటు చాలావరకు తీరుతుంది. మరోవైపు కొన్ని బార్లలో కొలాజెన్ కలుపుతున్నారు. దానిలో ట్రిప్టోఫాన్ బొత్తిగా లేనందున నాణ్యత కొలతలో దానికి సున్న. కాని పొట్లం మీది గ్రాములలో మాత్రం అదీ కలిసిపోతుంది. మూడో రకం దిమ్మను మొదటి రకం రాశిలో కలిపి ఒకే ధర కట్టినట్టు!

తూకం సంగతి మరీ విచిత్రం. ప్రయోగశాలలో మామూలుగా మాంసకృత్తులను నేరుగా తూయరు. నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తారు. వేరుశనగకు తగిన గుణకం 5.46 మాత్రమే. గుణకం మారితే చాలు, అదే సరుకు 14 శాతం పెరిగినట్టు కనబడుతుంది. 2008లో చైనాలో నీళ్లు కలిపిన పాలలో నత్రజని ఎక్కువ చూపడానికి మెలమైన్ కలిపారు, పసిపిల్లలు మరణించారు. రంగు చూసి బెల్లం కొనే మార్కెట్టుకు ఈ సంగతి కొత్తగా తోచదు. తెలుపు కోసం హైడ్రోస్ చల్లిన సరుకు మొదట ఎక్కువ ధర పలికి, తర్వాత మొత్తం మార్కెట్టు పేరునే చెరిపిన వైనం కొలగార్లకు ఒకరు చెప్పాలా?

బెల్లం విషయంలోనూ దాపరికం పనికిరాదు. అందులో ఇనుము కొంత ఉన్నది, నిజమే. కాని 100 గ్రాములకు 383 కేలరీలు, మాంసకృత్తులు 0.4 గ్రాములు. పట్టీకి బలం ఇచ్చేది పల్లీయే, బెల్లం దానికి బంక, రుచి. బెల్లం పాలు పెంచిన కొద్దీ సరుకు చవకవుతుంది, మాంసకృత్తులు పడిపోతాయి. ‘చక్కెర లేదు’ అని బెల్లం పట్టీ మీద వేయడమైతే కొనేవాణ్ణి మోసగించడమే.

పొట్లాల వ్యాపారులు ఇదేదో కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడుతున్నారు. మైసూరు ఆహార పరిశోధన సంస్థ నూనె తీసిన వేరుశనగ పిండి మూడు పాళ్లు, శనగపిండి ఒక పాలు కలిపి బహుళార్థక ఆహారాన్ని ఏనాడో తయారుచేసింది. పోషకాహార సంస్థ రూపొందించిన ‘హైదరాబాద్ మిశ్రమం’లో వేయించిన గోధుమ 40 గ్రాములు, శనగ 16, వేరుశనగ 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాములకు 330 కేలరీలు, 11.3 గ్రాముల మాంసకృత్తులు. అది బలహీన శిశువుల కోసం పుట్టిన మందులాంటి తిండి. దానికి మెరుపు కాగితం చుట్టాలని ఎవరికీ తోచలేదు. అదే సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన మార్గదర్శకాలలో, ప్రోటీన్ పొడులలో చక్కెరలు, కృత్రిమ రుచులు కలుస్తున్నాయని, వాటిని నిత్యం వాడడం మంచిది కాదని హెచ్చరించింది.

ఈ గోలలో అనకాపల్లి వర్తకులు మరచిన పెద్ద కొనుగోలుదారు ఒకరున్నారు. 2020 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం బడి భోజనంలో వారానికి మూడు రోజులు పల్లీ పట్టీ పెట్టింది. 2023 మార్చిలో మిగతా మూడు రోజులకు బెల్లం కలిపిన రాగి జావ వచ్చింది. 25 గ్రాముల పట్టీలో మూడు గ్రాముల మాంసకృత్తులే, గుడ్డులో సగం. కాని తినేది లక్షల మంది పిల్లలు. అటువంటి గిరాకీ ముందు మెరుపు పొట్లాల గిరాకీ ఏపాటిది? ఆ పట్టీకి బెల్లం ఏ ఊరిది, పల్లీ ఏ రకం అన్నది ఇక్కడి వర్తక సంఘాలు అడిగి తీరాలి.

అడిగే ముందు ఇల్లు చక్కబెట్టుకోవాలి. వేరుశనగకు బూజు పడితే అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. వేయించినా పూర్తిగా పోదు. ముడుచుకున్న, రంగు మారిన గింజలను ఏరకుండా, తేమ చూడకుండా పట్టీలకు వాడితే మాంసకృత్తుల లెక్క అంతా నీటి మీద రాతే. బెల్లంలో గంధక డయాక్సైడ్ కిలోకు 70 మిల్లీగ్రాములు దాటరాదన్న నిబంధన ఎలాగూ ఉంది.

లక్క బొమ్మలకు సహజ రంగులను తిరిగి తెచ్చినందుకు ఈ ఊరి సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. 2017లోనే ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. రంగులో ఏమి కలిసిందో చెప్పగలిగినందువల్లనే ఆ సరుకు పరదేశాల గడప తొక్కింది. పట్టీ పొట్లం మీద కూడా ‘హై ప్రోటీన్’కు బదులు పల్లీ ఎంత పాలు, బెల్లం ఎంత పాలు, ముక్కకు ఎన్ని గ్రాముల మాంసకృత్తులు అన్న మూడు అంకెలు ముందువైపు వేస్తే చాలు. ఆ అచ్చుకు అదనపు ఖర్చు లేదు. సంక్రాంతికి కొత్త బెల్లం రాకలు ముమ్మరమయ్యేలోగా చేయదగిన పనే ఇది.