తుపాకీ జాగ్రత్తలు మన భాషలో చెప్పేదెవరు?

వేమూరు: పిల్లల్ని అమెరికా చదువుకు పంపే ఇంట్లో ఫీజుల గురించి, బ్యాంకు లోన్ గురించి, అక్కడ హలాల్ తిండి దొరుకుతుందా అన్న దాని గురించి కూడా మాట్లాడుకుంటారు. తుపాకీ మాట మాత్రం ఎవరూ ఎత్తరు. తెనాలి, వేమూరు, రేపల్లె వైపు మామూలు కుటుంబాలకు తుపాకీ అంటే బ్యాంకు గేటు దగ్గర గార్డు భుజాన కనిపించేదే. అమెరికాలో అది షాపులో దొరికే వస్తువు.

ఈ తేడా తెలుగు పిల్లల ప్రాణాల మీదికి తెచ్చింది. 2024 నవంబర్‌లో అట్లాంటాలో తెలంగాణకు చెందిన 23 ఏళ్ల విద్యార్థి తన పుట్టినరోజు నాడే తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు. అంతకుముందు 2023 ఫిబ్రవరిలో అలబామాలో పార్ట్‌టైమ్ పని చేసుకుంటూ చదువుతున్న ఖమ్మం జిల్లా విద్యార్థి, పెట్రోల్ బంకులో సెక్యూరిటీ గార్డు తుపాకీ పేలి ప్రాణం పోగొట్టుకున్నాడు.

2024 జూన్‌లో డల్లాస్‌లో ఒక స్టోర్‌లో పనిచేస్తున్న బాపట్ల జిల్లా యువకుడిని దుండగుడు కాల్చి చంపిన ఘటన వేరు. అలాంటి దాడిని జాగ్రత్తల క్లాసు ఆపలేదు. మొదటి రెండింటిలో మాత్రం దొంగా లేడు, శత్రువూ లేడు. తుపాకీతో ఎలా ఉండాలో తెలిస్తే ఇలాంటి ప్రమాదాలు చాలావరకు తప్పుతాయి.

వీసా మీద ఉన్నవాళ్లకు చట్టం

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఎఫ్-1, హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వాటిలో ఒకటి. అది ఉంటే స్టూడెంట్ కూడా కొనుక్కోవచ్చు. అట్లాంటా విద్యార్థి వేట లైసెన్సు తీసుకున్నట్టు అప్పట్లో వార్తలొచ్చాయి.

ఏ మినహాయింపూ లేకుండా తుపాకీతో పట్టుబడితే 15 ఏళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. దేశం నుంచి తిప్పి పంపేయొచ్చు కూడా. రూమ్మేట్ తుపాకీని సరదాకి చేతిలోకి తీసుకోవడం కూడా చిక్కుల్లోకి నెట్టే పనే. ఈ సంగతి ఇక్కడ ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు?

ఇంగ్లిష్ వస్తే చాలదా?

కాలిఫోర్నియాలో తుపాకీ కొనాలంటే 30 ప్రశ్నల రాత పరీక్ష పాసవ్వాలి. అది ఇంగ్లిష్, స్పానిష్ భాషల్లో ఉంటుంది. ఆ రెండూ చదవలేనివాళ్లు అనువాదకుడి సాయంతో నోటితో జవాబులు చెప్పొచ్చు. భాష రాక ఎవరి ప్రాణమూ పోకూడదని అక్కడి చట్టమే ఒప్పుకున్నట్టు.

మన పిల్లలకు ఇంగ్లిష్ వచ్చు, నిజమే. కానీ ఇంగ్లిష్ మాట తెలియడం వేరు, దాని వెనక ఉన్న వస్తువు తెలియడం వేరు. చాలామంది చేసే పొరపాటు చూడండి. తూటాలుండే మ్యాగజీన్ బయటికి తీయగానే తుపాకీ ఖాళీ అయిపోయిందనుకుంటారు. గొట్టం వెనక చాంబర్ అనే అరలో ఇంకో తూటా మిగిలి ఉండొచ్చు. ట్రిగ్గర్ మీద వేలు పడితే అదే పేలుతుంది. శుభ్రం చేసేటప్పుడు ప్రమాదాలు జరగడానికి ఇదో పెద్ద కారణం. ఈ నాలుగు ముక్కలు తెలుగులో, ఉర్దూలో చెబితే పదో క్లాసు పిల్లాడికీ అర్థమవుతాయి, వాళ్ల నానీకీ అర్థమవుతాయి.

మన దగ్గర పరిస్థితి

మన దేశంలోనూ 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సుకు ముందు భద్రతా శిక్షణ ఉండాలి. ప్రైవేటు సెక్యూరిటీ గార్డుల కోసం కేంద్రం 2006లో తెచ్చిన నమూనా నియమాల్లో 100 గంటల క్లాసు, 60 గంటల ఫీల్డు శిక్షణ పెట్టారు. అందులో ఆయుధాల వాడకం ఐచ్ఛికం. గార్డుకు ఇంగ్లిష్ అక్షరాలు చదవడం రావాలని మాత్రం రాశారు. ప్రమాదకరమైన వస్తువు గురించి స్థానిక భాషలో చెప్పడం చట్టానికి కొత్తేమీ కాదు. వేమూరు, కొల్లూరు రైతులు కొనే పురుగుమందు డబ్బా మీద ప్రాంతీయ భాషలో వివరాలు, విషం తీవ్రతను బట్టి రంగు గుర్తు ఉండాలని నిబంధన ఉంది. పురుగుమందుకు ఉన్న ఆలోచన తుపాకీకి ఎందుకు ఉండకూడదు?

దీన్‌లో ఉన్న మాటే

తోటి మనిషి వైపు ఆయుధం గురిపెట్టొద్దని ప్రవక్త (స) హెచ్చరించారు. చేతిలోంచి అది ఎప్పుడు ఎలా జారుతుందో తెలియదన్నదే కారణం. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఇది ఉంది. ఒర లేని కత్తిని ఒకరి చేతికి ఒకరు ఇవ్వొద్దన్న హదీసు కూడా ఉంది. ఈనాటి శిక్షకులు చెప్పే మొదటి సూత్రాలూ ఇంచుమించు ఇవే: ప్రతి తుపాకీలో తూటా ఉన్నట్టే అనుకో, మనిషి వైపు తిప్పకు, కాల్చే క్షణం వరకు ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు.

జుమా రోజు మస్జిద్‌లో పది నిమిషాలు చాలు ఈ మాట చెప్పడానికి. లైసెన్సు శిక్షణ, గార్డుల శిక్షణ తెలుగులో ఉండేలా జిల్లా పోలీసులు చూడాలి. విదేశాలకు వెళ్లే పిల్లలకు ఏపీఎన్ఆర్‌టీ లాంటి ప్రభుత్వ సంస్థ, అక్కడ దిగాక తానా, ఆటా లాంటి సంఘాలు ఒక పేజీ తెలుగు కరపత్రం ఇవ్వొచ్చు. పెద్ద ఖర్చు లేదు.

అప్పటిదాకా ఈ పని ఇంట్లోవాళ్లదే. సూట్‌కేసు సర్దేటప్పుడు పచ్చళ్లు, మందులతో పాటు ఒక మాట కూడా చెప్పి పంపండి: బేటా, ఎవరి తుపాకీ అయినా సరే, ముట్టుకోకు. ఎవరైనా చూపిస్తానంటే ఆ గదిలోంచి బయటికి వచ్చేయ్.