‘హెల్త్ కోచ్’ సర్టిఫికెట్ వస్తే ఉద్యోగం వచ్చినట్టేనా? ఫీజు కట్టే ముందు తెలుసుకోవాల్సినవి

‘మెడికల్ చదువు అక్కర్లేదు, ఇంటి నుంచే పని, కొన్ని వారాల్లో సర్టిఫైడ్ హెల్త్ అండ్ వెల్‌నెస్ కోచ్ అవ్వండి’. ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ చూసేవారికి ఇలాంటి ప్రకటనలు కొత్త కాదు. ఫీజు కొన్ని వేల రూపాయల నుంచి లక్షల దాకా ఉంటోంది. చేరేవారిలో గృహిణులు, ఉద్యోగం మానేసినవారు, నర్సింగ్ లేదా హోమ్ సైన్స్ చదివి ఖాళీగా ఉన్నవారు కనిపిస్తారు.

ఇంతకీ ఆ సర్టిఫికెట్‌ను ఎవరు గుర్తిస్తారు? దాన్ని చూపించి చట్టప్రకారం ఏం చేయొచ్చు? జీతం ఎవరిస్తారు? ప్రకటనల్లో సాధారణంగా కనిపించని జవాబులు ఇవే.

ఈ పేరుతో ప్రభుత్వ గుర్తింపు ఉందా?

‘హెల్త్ అండ్ వెల్‌నెస్ కోచ్’ పేరుతో మన దేశంలో చట్టబద్ధమైన రిజిస్ట్రేషన్ లేదు. డాక్టరుకు మెడికల్ కౌన్సిల్, నర్సుకు నర్సింగ్ కౌన్సిల్ ఉన్నట్టు కోచ్‌కు కౌన్సిల్ లేదు. అంటే ఎవరైనా ఆ బోర్డు పెట్టుకోవచ్చు, ఎవరైనా ఆ కోర్సు అమ్మొచ్చు.

దీనికి దగ్గరగా ఉన్న కొన్ని వృత్తులకు మాత్రం చట్టం ఉంది. 2021లో వచ్చిన నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం జాబితాలో డైటీషియన్, న్యూట్రిషనిస్ట్, డయాబెటిస్ ఎడ్యుకేటర్, హెల్త్ ఎడ్యుకేటర్, కౌన్సెలర్ వంటివి ఉన్నాయి. కోచ్ అనే పేరు ఆ జాబితాలో లేదు.

ఇంకో ముఖ్యమైన మార్పు 2025లో వచ్చింది. ఈ చట్టం పరిధిలోకి వచ్చే కోర్సులను ఆ ఏడాది జులై-ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యలో గానీ, ఆన్‌లైన్‌లో గానీ నిర్వహించొద్దని యూజీసీ విశ్వవిద్యాలయాలకు చెప్పింది. సైకాలజీ, ఫుడ్ అండ్ న్యూట్రిషన్ సైన్స్, క్లినికల్ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ అందులో ఉన్నాయి. విశ్వవిద్యాలయాలకే ఆన్‌లైన్‌లో వద్దన్న పాఠాలను ఒక ప్రైవేటు యాప్ ఆరు వారాల్లో నేర్పి ‘సర్టిఫైడ్’ అంటే, ఆ మాటకు ఎంత విలువ ఇవ్వాలో చేరేవారే ఆలోచించుకోవాలి.

ఉంగుటూరులో ఈ పని ఎవరు చేస్తున్నారు?

కృష్ణా జిల్లా ఉంగుటూరు మండలాన్ని తీసుకుందాం. (ఏలూరు జిల్లాలోనూ ఇదే పేరుతో ఒక మండలం ఉంది. ఇది గన్నవరం పక్కది.) విజయవాడ నుంచి ఏలూరు వైపు హైవే మీద వెళ్తే ఆత్కూరు, తేలప్రోలు ఈ మండలంలోనివే. హనుమాన్ జంక్షన్‌ దగ్గర ఎడమకు తిరిగితే నూజివీడు మామిడి తోటలు మొదలవుతాయి.

ఇలాంటి మండలాల్లో బీపీ, షుగర్ ఉన్నవారిని పలకరించి, ఏం తింటున్నారు, నడుస్తున్నారా, మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగే బాధ్యత ప్రభుత్వం ఎప్పుడో కొందరికి అప్పగించింది. వాళ్లను కోచ్ అనరు. కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ (సీహెచ్‌వో) అంటారు. మొదట్లో మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్ (ఎంఎల్‌హెచ్‌పీ) అన్నారు.

2018 ఏప్రిల్ 14న ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపుర్ జిల్లా జాంగ్లాలో ఆయుష్మాన్ భారత్ కింద తొలి ‘హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్’ మొదలైంది. 2023 చివర్లో వీటి పేరును ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్‌గా మార్చారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇవి విలేజ్ హెల్త్ క్లినిక్‌లుగా జనానికి తెలుసు. సుమారు 2,500 జనాభాకు ఒకటి చొప్పున రాష్ట్రంలో 10,032 క్లినిక్‌లను ప్రతిపాదించారు.

గర్భిణుల సంరక్షణ నుంచి మానసిక ఆరోగ్యం దాకా ఇక్కడ 12 రకాల సేవలు అందాలి. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్‌తో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల స్క్రీనింగ్ చేయాలి. యోగా సెషన్లు, ఆహారపు అలవాట్లపై అవగాహన కూడా వీరి పనే. కొత్తగా మందు రాయాల్సి వస్తే సీహెచ్‌వో సొంతంగా నిర్ణయం తీసుకోరు. పీహెచ్‌సీ డాక్టరు సలహా తీసుకుంటారు, లేదా ఈ-సంజీవని ద్వారా వీడియో కాల్‌లో డాక్టరుతో మాట్లాడిస్తారు.

అంటే ప్రైవేటు కోచ్ డబ్బు తీసుకుని ఇస్తానన్న సేవలో మంచి భాగం ఊళ్లో ఉచితంగా అందాల్సిందే. నగరాల్లో పట్టణ ఆరోగ్య కేంద్రాలకూ ఇవే బాధ్యతలు ఉన్నాయి.

సీహెచ్‌వో అవ్వాలంటే ఏం చదవాలి?

పథకం మొదలైనప్పుడు నర్సింగ్, ఆయుర్వేద పట్టాలు ఉన్నవారికి ఆరు నెలల ‘సర్టిఫికెట్ ఇన్ కమ్యూనిటీ హెల్త్’ బ్రిడ్జ్ కోర్సు పెట్టారు. ఇగ్నో వంటి సంస్థలు దాన్ని నిర్వహించాయి. తర్వాత ఈ పాఠాలను బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లోనే కలిపారు. కాబట్టి ఇప్పుడు ఈ ఉద్యోగానికి సూటిదారి బీఎస్సీ నర్సింగ్. ఏ ప్రైవేటు వెల్‌నెస్ సర్టిఫికెట్‌తోనూ ఈ పోస్టు రాదు.

అయితే ఇదేమీ పూలబాట కాదు. ఇవి కాంట్రాక్టు పోస్టులు. ఏపీలో నెలకు రూ.25,000 జీతం, పనితీరును బట్టి రూ.15,000 వరకు ప్రోత్సాహకం అన్న లెక్క ఉంది. ఉద్యోగ భద్రత, వేతన పెంపు, స్పష్టమైన జాబ్ చార్ట్ కోరుతూ 2025లో సీహెచ్‌వోలు సమ్మె చేశారు. జాబ్ చార్ట్ డిమాండ్‌ను జాగ్రత్తగా గమనించాలి. స్క్రీనింగ్, యాప్‌లలో నమోదు, రిపోర్టులు, టీకాలు, గర్భిణుల వివరాలు అన్నీ ఒక్కరి మీదే పడితే, షుగర్ పేషెంటుతో పావుగంట కూర్చుని మాట్లాడే తీరిక ఉండదు. ప్రైవేటు కోచ్‌లకు గిరాకీ పెరగడానికి ఈ ఖాళీ కూడా ఒక కారణం.

కోచింగ్ నిజంగా పనిచేస్తుందా?

పద్ధతిగా చేస్తే పనిచేస్తుంది. దీనికి మన దగ్గరే ఆధారం ఉంది. చెన్నైకి చెందిన పరిశోధకులు షుగర్ వచ్చే ప్రమాదం ఉన్న 531 మందిపై చేసిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు 2006లో వెలువడ్డాయి. ఆహారం, వ్యాయామంపై సలహాలిచ్చి వెంటపడిన బృందంలో షుగర్ బారిన పడే ముప్పు 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చిన బృందంలో తగ్గింది 26.4 శాతం. 2013లో వచ్చిన మరో అధ్యయనంలో ఫోన్‌కు క్రమంగా ఎస్ఎంఎస్‌లు పంపి గుర్తు చేసినా ముప్పు 36 శాతం తగ్గినట్టు తేలింది.

అవసరమూ చిన్నదేమీ కాదు. 2023లో ప్రచురితమైన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. దేశంలోని మొత్తం వ్యాధి భారంలో 56.4 శాతానికి సరైన ఆహారం లేకపోవడమే కారణమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2024 మార్గదర్శకాల సందర్భంగా చెప్పారు.

కాబట్టి కోచింగ్ బూటకం కాదు. పై అధ్యయనాల్లో పరీక్షలు చేసింది, లెక్క చూసింది వైద్య బృందాలు. ఆ పర్యవేక్షణ లేని కోర్సులు అవే ఫలితాలను తమవిగా చెప్పుకోవడంలోనే తేడా ఉంది.

కోచ్ ఎక్కడ ఆగాలి?

నూజివీడు పరిసరాల్లో వేసవి రాగానే ప్రతి ఇంట్లో వినిపించే ప్రశ్న ఒకటుంది: ‘షుగర్ ఉంది, చిన్న రసం తినొచ్చా?’ కోచ్ హద్దు ఎక్కడో అర్థం కావడానికి ఈ ప్రశ్న చాలు.

వంద గ్రాముల మామిడి గుజ్జులో పిండి పదార్థాలు సుమారు 15 గ్రాములు. ఒకరికి షుగర్ అదుపులో ఉండొచ్చు. మరొకరు ఇన్సులిన్ మీద ఉండొచ్చు. ఇంకొకరికి కిడ్నీ సమస్య ఉండి పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పి ఉండొచ్చు. ఎవరు ఎంత తినాలో చెప్పాల్సింది వాళ్ల రిపోర్టులు చూసిన డాక్టరు, లేదా డైటీషియన్.

ఆ సలహా వచ్చాక కోచ్ పని మొదలవుతుంది. రసం పిండుకుని గ్లాసుల కొద్దీ తాగకుండా ముక్కగా తినడం, అన్నం కడుపునిండా తిన్న వెంటనే కాకుండా చూసుకోవడం, తిన్న రెండు గంటలకు షుగర్ చూసి రాసుకోవడం, సాయంత్రం నడక మానకపోవడం. వీటిని అలవాటుగా మార్చుకునేలా వారం వారం తోడుండటమే కోచింగ్.

‘నా ప్లాన్ పాటించండి, మాత్రలు ఆపేయండి’ అంటే మాత్రం అది కోచింగ్ కాదు. ఇన్సులిన్ లేదా కొన్ని రకాల షుగర్ మాత్రలు వాడుతూ అన్నం ఒక్కసారిగా మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. డోసు మార్చాల్సింది డాక్టరే. అర్హత లేకుండా వైద్యం చేస్తే నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం, 2019 ప్రకారం ఏడాది వరకు జైలు లేదా రూ.5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మధుమేహం, ఊబకాయం వంటివి నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. సోషల్ మీడియాలో ఆరోగ్య సలహాలిచ్చే ఇన్‌ఫ్లుయెన్సర్లు పాటించాల్సిన నిబంధనలను కేంద్రం 2023 ఆగస్టులో ప్రకటించింది. నిపుణులుగా చెప్పుకునేవారు తమ అర్హతను బయటపెట్టాలని, మిగతావారు తమ సలహా డాక్టరు సలహాకు ప్రత్యామ్నాయం కాదని స్పష్టం చేయాలని అందులో ఉంది.

అమెరికా సర్టిఫికెట్ ఇక్కడ చెల్లుతుందా?

కొన్ని కోర్సులు ‘అంతర్జాతీయ గుర్తింపు’ అని చెబుతాయి. అమెరికాలో నేషనల్ బోర్డ్ ఫర్ హెల్త్ అండ్ వెల్‌నెస్ కోచింగ్ అనే సంస్థ ఉంది. డాక్టర్ల లైసెన్సు పరీక్షలు రూపొందించే ఎన్‌బీఎంఈతో కలిసి 2017 నుంచి పరీక్ష పెడుతోంది. ఆ పరీక్ష రాయాలంటే బోర్డు ఆమోదించిన శిక్షణ పూర్తి చేయాలి, 50 కోచింగ్ సెషన్లు చేసినట్టు రికార్డు చూపాలి. అంత చేసినా, రోగ నిర్ధారణ చేయడానికి, మందులు రాయడానికి ఆ సర్టిఫికెట్ అనుమతి ఇవ్వదు.

అక్కడ స్థిరపడాలనుకునేవారికి, విదేశాల్లోని క్లయింట్లతో పనిచేసేవారికి ఇది ఉపయోగపడొచ్చు. భారత్‌లో దీనికి చట్టపరమైన హోదా లేదు. ప్రకటనలో ఆ బోర్డు పేరు కనిపిస్తే, మీరు చేరబోయే కోర్సు ఆమోదిత జాబితాలో ఉందో లేదో బోర్డు వెబ్‌సైట్‌లోనే చూసుకోండి.

శిక్షణా, అమ్మకమా?

కొన్నిచోట్ల ‘వెల్‌నెస్ కోచ్’ అంటే పోషకాహార పొడుల డబ్బాలు అమ్మే వ్యక్తి. ఉచిత బరువు పరీక్షతో మొదలై, షేక్‌లు కొనమని, తర్వాత ‘మీరూ కోచ్ అవ్వండి’ అని, చివరికి కింద మనుషుల్ని చేర్చమని అంటారు. డైరెక్ట్ సెల్లింగ్ నేరం కాదు. కానీ వస్తువు అమ్మకంతో కాకుండా మనుషుల్ని చేర్చడంతో ఆదాయం వచ్చే పిరమిడ్ పథకాలను 2021 డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు నిషేధించాయి. సొంత డబ్బుతో సరుకు కొని నిల్వ పెట్టుకోమంటే అది ఉద్యోగం కాదు, వ్యాపారం. నష్టం వస్తే భరించాల్సింది మీరే.

మీకు ఏ దారి?

ఇంటర్ బైపీసీ చదువుతూ ఈ రంగంలో స్థిరపడాలనుకుంటే బీఎస్సీ నర్సింగ్ లేదా న్యూట్రిషన్ డిగ్రీని రెగ్యులర్‌గా చదవడం మేలు. పైచదువులకు ఎన్ఐఎన్‌లో అప్లైడ్ న్యూట్రిషన్, స్పోర్ట్స్ న్యూట్రిషన్ ఎంఎస్సీలు ఉన్నాయి.

తక్కువ కాలంలో పని నేర్చుకోవాలనుకుంటే హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ రూపొందించిన డైట్ అసిస్టెంట్, డయాబెటిస్ ఎడ్యుకేటర్ వంటి కోర్సులు చూడొచ్చు. యోగా వైపు వెళ్లేవారికి ఆయుష్ శాఖ పరిధిలోని యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్షలు ఉన్నాయి. గ్రామీణ యువతకు ఆత్కూరులోని స్వర్ణభారత్ ట్రస్ట్ వంటి చోట్ల స్వల్పకాలిక నైపుణ్య శిక్షణలు జరుగుతుంటాయి. ఏ కోర్సు నడుస్తోందో నేరుగా వెళ్లి కనుక్కోవడం మంచిది.

ఇప్పటికే డాక్టరు, నర్సు, డైటీషియన్, ఫిజియోథెరపిస్టుగా ఉన్నవారికి కోచింగ్ కోర్సు అదనపు నైపుణ్యంగా బాగా పనికొస్తుంది. ఎందుకంటే వారికి రిజిస్ట్రేషన్ ముందే ఉంది. పేషెంటు మాట వినడం, అలవాటు మార్పించడం ఎలాగో ఈ కోర్సు నేర్పుతుంది.

ఫీజు కట్టే ముందు అడగాల్సిన ఆరు ప్రశ్నలు

1. ఈ కోర్సు నేషనల్ క్వాలిఫికేషన్స్ రిజిస్టర్‌లో ఉందా? ఉంటే కోడ్ ఎంత?

2. సర్టిఫికెట్ ఇచ్చేది ఎవరు? సంస్థ తనకు తానే ఇచ్చుకుంటోందా?

3. నిజమైన మనుషులతో, పర్యవేక్షణలో చేసే ప్రాక్టికల్స్ ఎన్ని గంటలు?

4. కోచ్ ఏం చేయకూడదో పాఠాల్లో ఉందా? ఆ పాఠమే లేకపోతే అనుమానించాల్సిందే.

5. ‘ప్లేస్‌మెంట్’ అంటే జీతం వచ్చే ఉద్యోగమా, కమీషనా?

6. మధ్యలో మానేస్తే ఫీజు వాపసు ఇస్తారా? రాతపూర్వకంగా ఉందా?

రశీదు, ప్రకటన స్క్రీన్‌షాట్, వాట్సాప్ హామీలు దాచుకోండి. మోసపోయామనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

ప్రభుత్వం చేయాల్సింది ఏమిటి?

కోచింగ్ పనిచేస్తుందని ఆధారాలున్నాయి, క్లినిక్ భవనాలున్నాయి, నర్సింగ్ చదివినవారున్నారు. లేనిది ఆ పనికి ఒక పేరు, ఒక సమయం, ఒక జీతం. సీహెచ్‌వో జాబ్ చార్ట్‌లో వారానికి కొన్ని గంటలు కేవలం బీపీ, షుగర్ పేషెంట్లతో మాట్లాడేందుకు కేటాయించొచ్చు. లేదా ఆశా కార్యకర్తల్లో ఆసక్తి ఉన్నవారికి శిక్షణ ఇచ్చి, అదనపు పారితోషికంతో ఈ పని అప్పగించొచ్చు. ‘కోచ్’ అనే మాట వాడేవారికి కనీస అర్హత నిర్ణయించే పనిని కొత్త కమిషన్ చేపట్టొచ్చు.

అప్పటిదాకా ఆ పేరుకు అర్థం ఎవరి ప్రకటన వారిదే. సర్టిఫికెట్ కొనేవారు, సలహా కొనేవారు కూడా ముందు అడగాల్సింది ఒక్కటే: ఈ సలహా తప్పయితే జవాబుదారీ ఎవరు? డాక్టరు విషయంలో, నర్సు విషయంలో ఆ ప్రశ్నకు ఒక కౌన్సిల్ పేరు చెప్పగలం. కోచ్ విషయంలో ఇంకా చెప్పలేం.