మూడు రూపాయల పౌరుషం

సికింద్రాబాద్ మధ్యతరగతి జనం గట్టిగా గొంతెత్తిన చోటు ఏదని ఎవరైనా అడిగితే, సిగ్గుపడుతూనే సూపర్‌మార్కెట్ బిల్లు కౌంటర్ అని చెప్పాలి. మారేడుపల్లిలో, కార్ఖానాలో, తార్నాకలో ఎక్కడ చూసినా అదే తంతు. "క్యారీ బ్యాగ్ కావాలా సార్?" అని కౌంటర్లో అమ్మాయి అడుగుతుంది. "రెండు వేల సామాను కొన్నం, కవర్‌కి కూడా పైసలా?" అంటాం. "సిస్టమ్‌ల అట్లనే ఉంది సార్" అంటుంది. "మేనేజర్‌ని పిలువు" అంటాం. మామూలుగా అయితే అర నిమిషం ఆలస్యమైనా హారన్ కొట్టే జనం, ఈ ఒక్క గొడవలో మాత్రం వెనక లైన్లో ఓపిగ్గా నిలబడి మనకే వంతపాడతారు. చివరికి ఆ మూడో ఐదో కట్టి, కవర్ తీసుకుని, దోచేశారని గొణుక్కుంటూ బండి స్టార్ట్ చేస్తాం. ధరే అన్యాయమైతే కవరే వద్దని సబ్బులూ పప్పు ప్యాకెట్లూ డిక్కీలో పడేసుకుని వెళ్లొచ్చుగా! అంత పౌరుషం మనకు లేదు. కవర్ కావాలి, అది ఊరికే రావాలి.

ఆ రుసుము వెనక ఒకప్పుడు ఒక నిబంధన ఉండేదన్న సంగతి మనం పట్టించుకోలేదు. 2011 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు, ఏ దుకాణమూ ప్లాస్టిక్ సంచిని ఉచితంగా ఇవ్వకూడదన్నాయి. సంచి ఖరీదుతో పాటు దాన్ని పారేశాక ఎత్తిపోసే ఖర్చు కూడా వచ్చేలా కనీస ధర పెట్టే అధికారం మున్సిపాలిటీలకు ఇచ్చాయి. 2016లో పద్ధతి మార్చారు. సంచులు ఇవ్వదలచిన దుకాణం స్థానిక సంస్థ దగ్గర నమోదు చేసుకుని నెలకు కనీసం 4,000 రూపాయలు, అంటే ఏడాదికి 48,000 కట్టాలన్నారు. 2018 మార్చి సవరణలో ఆ నియమాన్ని మొత్తంగా ఎత్తేశారు. అది వచ్చినప్పుడూ మనం చప్పుడు చేయలేదు, పోయినప్పుడూ చేయలేదు. కౌంటర్ దగ్గర మేనేజర్‌ని పిలిపించిన మనం జీహెచ్‌ఎంసీ సర్కిల్ ఆఫీసుకో, కంటోన్మెంట్ బోర్డుకో పోయి ఈ మూడు రూపాయలు ఎవరి ఖాతాలో పడుతున్నాయని అడగలేదు. ఐర్లాండ్‌లో 2002 మార్చి నుంచి సంచికి 15 సెంట్లు వసూలు చేశారు. ఆ డబ్బు పర్యావరణ నిధికి పోయింది, సంచుల వాడకం తొంభై శాతానికి పైగా పడిపోయింది. మన దగ్గర ఆ డబ్బు దుకాణం గల్లాపెట్టె దాటి రాదు. నిలదీయాల్సింది అక్కడ. మనం మాత్రం ఫ్రీగా ఎందుకివ్వరని నిలదీశాం.

మన కోపంలో న్యాయమే లేదని అనను. సొంత సంచితో పోతే గేటు దగ్గరే లాక్కుని టోకెన్ చేతిలో పెట్టి, లోపల తమ సంచి అమ్మడం దబాయింపే. తమ పేరు అచ్చేసిన సంచికి మన దగ్గరే డబ్బు తీసుకుని, వాళ్ల ప్రచారం ఊరంతా మనతోనే మోయించడం ఇంకా విడ్డూరం. సంచికి 18 రూపాయలు తీసుకున్న బిగ్ బజార్ కేసులో, 2020 డిసెంబర్ 22న జాతీయ వినియోగదారుల కమిషన్, ముందుగా చెప్పకుండా బిల్లు దగ్గర ఇలా వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతేనని తేల్చింది. మంచి తీర్పు. దాన్ని మనం కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో ఎలా తిప్పామన్నదే ఇక్కడి విషయం. "ఇక కవర్లు ఫ్రీ, డబ్బులడిగితే కేసు పెట్టండి" అని తిప్పాం. సంచి ధర, వివరాలు కొనుగోలుదారుకు ముందే తెలియాలన్న అసలు సంగతి ఆ మెసేజ్‌లో లేదు. ముందే తెలిస్తే ఇంటి నుంచి సంచి తెచ్చుకోవాల్సి వస్తుంది కదా!

ఈ వినియోగదారుల చైతన్యమంతా మోండా మార్కెట్ మెట్ల దగ్గర ఎటు పోతుందో తెలియదు. పావుకిలో పచ్చిమిర్చికి ఒక కవర్, కొత్తిమీర కట్టకు ఇంకొకటి, టమాటాలు చితుకుతాయని వాటికి వేరే. అన్నీ కలిపి పట్టుకోవడానికి "ఇంకో పెద్ద కవర్ ఇయ్యమ్మా" అని ఒకటి. కవర్ లేదంటే పక్క బండికి పోతాం. ఆ భయంతోనే కూరగాయలమ్మే ఆమె కిలోల లెక్కన కవర్లు కొని తెచ్చిపెట్టుకుంటుంది. పది రూపాయల కొత్తిమీరలో ఆమెకు మిగిలేదెంతో, అందులో మన కవర్ల కింద పోయేదెంతో మనకు అక్కర్లేదు. సంచి మందం 2021 సెప్టెంబర్ 30 నుంచి 75 మైక్రాన్లు, 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్లు ఉండాలని నిబంధన. ఊదితే ఎగిరిపోయే ఆ పల్చటి కవర్లకు ఈ అంకెలతో సంబంధమే లేదని చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. తనిఖీకి వచ్చినవాళ్లు కవర్ల కట్టలు ఎత్తుకుపోయి జరిమానా రాసేది ఆమెకే. అడిగి మరీ తీసుకున్న మనం, అదే కవర్ పట్టుకుని పక్కన నిలబడి చూస్తాం. "పాపం" అని కూడా అంటాం.

సంచులు లేని ఇల్లు కాదు మనది. బీరువా కింది అరలో పెళ్లిళ్ల తాంబూలం సంచులు దొంతరగా ఉంటాయి, వధూవరుల పేర్లతో సహా. వాళ్ల పిల్లలు బడికి పోతుంటారు, సంచి మాత్రం మడత విప్పి ఉండదు. వంటింటి తలుపు వెనక మేకుకు కవర్లు కుక్కిన కవర్ ఒకటి వేలాడుతుంటుంది. ఇవి చాలవన్నట్టు గుడ్డలా కనిపించే నాన్ వోవెన్ సంచులు కొని, ప్లాస్టిక్ మానేశామని చెప్పుకుంటాం. అదీ పాలీప్రొపిలీనే, ప్లాస్టిక్ దారాలను వేడితో అతికించిన సరుకు. ఎవరూ మోసం చేయలేదు, నమ్మడం మనకే సుఖంగా ఉంది.

మన చేతిలోంచి జారినవి పికెట్ నాలాలో పడి హుస్సేన్‌సాగర్ దారి పడతాయి. చెత్తబండి ఎక్కినవి జవహర్‌నగర్ గుట్టకు చేరతాయి. ఆ వాసనా, ఊరిన ఆ నల్లనీళ్లూ అక్కడివాళ్ల పాలు. వర్షానికి బేగంపేట వైపు రోడ్డు మునిగితే మాత్రం ప్రభుత్వాన్ని తిడుతూ వీడియో పెడతాం. ఇక మిగిలిన కూరముక్కలు కవర్లో వేసి ముడేసి గోడ అవతల ఆవుకని పడేసే భక్తి ఒకటుంది. ముడి విప్పుకోవడానికి దానికి చేతుల్లేవు, కవర్‌తో సహా మింగుతుంది. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ వాళ్లు అలాంటి పశువులకు ఆపరేషన్ చేసి కడుపులోంచి కిలోలకొద్దీ ప్లాస్టిక్ తీశారు. 2012లో సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. తెలుగు నేల మీద నుంచి వెళ్లిన ఆ కేసు గురించి మన గ్రూపుల్లో ఫార్వర్డ్ ఏదీ తిరిగినట్టు నాకు గుర్తు లేదు. క్యారీ బ్యాగ్ తీర్పు మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడూ తిరుగుతూనే ఉంది.

ఇప్పుడు చాలామందిమి సూపర్‌మార్కెట్‌కే పోవడం తగ్గించాం. ఫోన్లో నొక్కితే పది నిమిషాల్లో పాలు, కరివేపాకు, బ్రెడ్డు గుమ్మంలోకి వస్తున్నాయి, సంచితో సహా. బిల్లు కింద హ్యాండ్లింగ్ ఛార్జీ అని ఒకటి, డెలివరీ ఛార్జీ అని ఒకటి, వాన పడితే ఇంకొకటి. కలిపితే పాత కవర్ ధరకు ఎన్నో రెట్లు. వాటిని చదవకుండానే డబ్బు కట్టేస్తున్నాం. మేనేజర్‌ని పిలువు అనడానికి అక్కడ యూనిఫాం వేసుకున్న అమ్మాయి ఎవరూ నిలబడి లేదు మరి.